ఎడమ చక్రంలో నీళ్ళు

మనుషులు తాగడానికి నీళ్ళు లేని చోట బండి చక్రాలకు నీళ్ళు పోస్తుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. నాకూ మండింది. అందులోనూ పోస్తున్నవాడు నా మొగుడు. పేటంతా చూస్తుండగా నిలబెట్టి కడిగేశాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. నా తప్పు వేరే ఉంది, అదే చెబుతున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడుతుందని పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్న ఎండాకాలమది. ముందటేడు గంజి కేంద్రం దగ్గర ముంతలు పట్టుకొని నిలబడ్డాం. ఆ ఏడు బావి దగ్గర బిందెలు పట్టుకొని నిలబడ్డాం, అంతే తేడా. పెద్దకడుబూరు బయట మా పేటలో ఇరవై ఇళ్ళుంటే, బావి ఒక్కటీ లేదు. ఆదోని పత్తి సావుకారు విశ్వేశ్వరయ్య తోటలో బావి ఉంది గాని దాన్ని మేం ముట్టుకోకూడదు. తోట కావలి శేషప్ప పొద్దున్నే చేది, ఇంటికి ఒక బిందె చొప్పున దూరంగా నిలబడి ఎత్తు నించి పోసేవాడు. ఒలికినవి ఒలికిపోగా మిగిలినవే మావి.

నా మొగుడు యేసేపు యుద్ధం రోజుల్లో బర్మా సరిహద్దులో మిలిటరీ లారీలు తోలి వచ్చిన మనిషి. వచ్చి ఏడేళ్ళయినా ఇక్కడ ఒక్కరూ అతని చేతికి బండి ఇవ్వలేదు. ఎమ్మిగనూరులో లారీల వాళ్ళను అడిగితే, ఏ పేట, ఎవరి కొడుకువని అడిగి, తరవాత రమ్మనేవారు. శనక్కాయలు పీకడానికి, పత్తి తీయడానికి నాతోపాటు కూలికి వచ్చేవాడు. స్టీరింగు పట్టిన చేతులతో గడ్డపార పట్టుకోవడం చూస్తే నాకు ఏడుపొచ్చేది. నాకు ఏడుపొచ్చినా అది కోపంగానే బయటికొస్తుంది. పాపం, ఆ తిట్లన్నీ అతనే తిన్నాడు.

సావుకారుకు మా పేట పక్కన అరవై ఎకరాల నల్లరేగడి ఉంది. దానికి కుందగడ్డి పట్టింది. కుంద వేరు మోకాలి లోతుకు దిగుతుంది, పైపైన కోస్తే నెల తిరక్కుండా మళ్ళీ లేస్తుంది. పది జతల ఎద్దులను పెద్ద మడకకు కట్టి లోతుగా దున్నితేగాని ఆ వేరు పైకి రాదు. కరువులో ఎద్దులెక్కడివి? సగం సంతకు పోయాయి, మిగిలినవి లేచి నిలబడితే గొప్ప. అందుకని సావుకారు ట్రాక్టరు కొంటానన్నాడు.

ఆ మాట విని రెండు కంపెనీల ఏజెంట్లు రెండు చిన్న ట్రాక్టర్లు తెచ్చి, దున్ని చూసుకోమని వదిలారు. నీలంరంగుది ఇరవై ఏడు గుర్రాల బలమట. దాన్ని తోలేవాడు బళ్ళారి నించి వచ్చిన నరసన్న. ఎర్రది పద్దెనిమిది గుర్రాలే. దాని ఏజెంటుకు డ్రైవరు దొరక్క, ఎవరో చెబితే మా గుడిసె దగ్గరికి వచ్చాడు. ఏ పేట అని అడగలేదు. యేసేపు ట్రంకుపెట్టెలోంచి మిలిటరీ కాగితం తీసి చూపిస్తే, చూసి, తాళం చేతిలో పెట్టి పోయాడు. ఆ సాయంత్రం యేసేపు అన్నం తినలేదు. ఆకలి లేదన్నాడు, తాళం మాత్రం నడుముకే ఉంది.

సావుకారు పందెం పెట్టాడు. శుక్రవారం కుంద చేనులో రెండు బళ్ళకూ ఒకటే రకం మడక, ఒకటే లోతు, చెరి పది సాళ్ళు. ముందు ముగించిన బండిని కొంటాడు, దాని డ్రైవరును నెలజీతానికి పెట్టుకుంటాడు. ఎర్రబండి గెలిస్తే యేసేపు మా పేటలో మొదటి నెలజీతం డ్రైవరు. ఓడితే తుంగభద్ర కాలువ పనికి పోయి ఇద్దరం మట్టి మోయాలి. మూడో దారి లేదు.

ఊళ్ళో వాళ్ళంతా గుర్రాలు లెక్కపెట్టారు. ఇరవై ఏడెక్కడ, పద్దెనిమిదెక్కడ అని నవ్వారు. మా పేటవాళ్ళు కూడా అదే అన్నారు, కాకపోతే నా నోటికి భయపడి నెమ్మదిగా అన్నారు. యేసేపు ఒక్కడే ఆ లెక్కకు ఒప్పుకోలేదు. నరసన్న దున్నుతుంటే గట్టు మీద కూర్చొని రెండు రోజులు చూశాడు. నీలంబండి ఇంజను గట్టిదే, కాని టైర్లు తేలిక, గట్టి పెళ్ళలు తగిలితే జారుతున్నాయని కనిపెట్టాడు. మూడో రోజు సావుకారు దగ్గరికి పోయి, ఎర్రబండి టైర్లలో పోయడానికి పద్నాలుగు కిరసనాయిలు డబ్బాల నీళ్ళు కావాలని అడిగాడు. పక్కకు ఏడు. సావుకారు ఇదేదో చూద్దామని సరేనన్నాడు. శేషప్ప చేది డబ్బాల్లో పోశాడు, మా పేట ఆడవాళ్ళం మోశాం. మా బిందెలకు ఎప్పుడూ అంత నిండుగా పోయలేదు.

అక్కడే నేను నోరు చేసుకున్నది. యేసేపు చక్రాన్ని జాకీ మీద లేపి, టైరుకు గాలి కొట్టే మూతిని పైకి తిప్పి, గరాటు పెట్టి రబ్బరు గొట్టంతో నీళ్ళు దించుతున్నాడు.

"మనుషులకు ఇంటికొక బిందె, నీ సక్రానికి ఏడు డబ్బాలా?" అన్నాను. "దానికేమన్నా దప్పికయితాందా? మిలిటరీలో ఇదేనా నేర్చుకొనొచ్చింది?" ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ చెప్పేవి కావు.

అతనికి కోపం రాలేదు. ఎప్పుడూ రాదు, అదే నాకు మండేది. గరాటు వదలకుండానే అన్నాడు. "గుంటక తోలేటప్పుడు దాని మీద రాయి ఎందుకు పెడతారే? బరువు లేకుంటే నేల మీద గీసుకుంటా పోతాది గాని దిగదు. ఇదీ అంతే. గుర్రాలు ఇంజనులో ఉంటాయి. నేలను పట్టుకునేది టైరు. పట్టు లేకుంటే ఎన్ని గుర్రాలున్నా ఉన్నసోటనే తిరగతాంటాయి."

గుంటక సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు మా నాయన రాయి దొరక్కపోతే నన్నే ఎక్కించేవాడు. అయినా నోరు మూసుకోవడం ఇష్టంలేక, రాళ్ళు కట్టుకోరాదా, నీళ్ళే దొరికాయా అన్నాను. నీళ్ళయితే టైరు లోపలే ఉండి నేల దగ్గరే బరువు పడుతుందని చెప్పాడు. నిండా పోశాక మిగతా చోటు చేతిపంపుతో గాలి కొట్టాడు.

బుధవారం ఎర్రబండిని చేనులో తోలి చూశాడు. నేను కూడా పోయాను, ఎగతాళి చేద్దామనే పోయాను. మడక మూరెడు లోతుకు దిగింది. బండి బరువు మోసే దున్నపోతులా నెమ్మదిగా, జారకుండా నడుచుకుంటూ పోయింది. వెనక కుంద వేర్లు తాళ్ళు తాళ్ళుగా పైకి లేచాయి. నరసన్న బీడీ ఆర్పేసి సాలులోకి దిగి చూశాడు. నాకప్పుడు ఆశ పుట్టింది. ఆశ పుడితే ఊరుకుంటానా, సాయంత్రానికల్లా నెలజీతం డ్రైవరు పెళ్ళాన్నని పేటంతా చెప్పుకొచ్చాను.

గురువారం యేసేపు డీజిల్ కోసం ఎమ్మిగనూరు పోయాడు. శేషప్ప కూడా తెల్లవారగానే ఇంటికొక బిందె పోసి, బావి దగ్గర గేటుకు తాళం వేసుకొని సంతకు పోయాడు. ట్రాక్టరు మా గుడిసె పక్కన వేపచెట్టు కింద ఉంది. ఎండ నెత్తిమీదికి వచ్చే వేళకు పక్కింటి మద్దమ్మకు నొప్పులు మొదలయ్యాయి. నెల తక్కువ కాన్పు. ఆమె మొగుడు ఆదోని పత్తి మిల్లులో ఉన్నాడు. మంత్రసాని ఉచ్చీరమ్మను నేనే పిలుచుకొచ్చాను.

ఎంతసేపటికీ బిడ్డ రాదు. లోపల పొయ్యిలా ఉంది. మద్దమ్మ కళ్ళు తేలేసింది. ఉచ్చీరమ్మ నీళ్ళు, నీళ్ళు అని అరుస్తోంది, ఒంటికి తడిగుడ్డ వేయాలి, నోట్లో పోయాలి, కాగపెట్టాలి, బిడ్డ వస్తే కడగాలి. పేటంతా తిరిగాను. ఒకామె చెంబెడిచ్చింది, ఒకామె గ్లాసెడిచ్చింది, ఒకామె బిందె బోర్లించి చూపించింది. అన్నీ కలిపితే అర బిందె. అవీ అయిపోయాయి. తోట దాకా ఉరికి గేటు పట్టుకొని ఊపాను. తాళం ఊడలేదు. వెనక్కి వస్తుంటే ట్రాక్టరు కనిపించింది.

నేను ఆలోచించలేదు. ఆలోచించానని చెబితే అబద్ధం. కుడి చక్రం మూతి పైన ఉంది, ఎడమ చక్రం మూతి నేలవైపు ఉంది. యేసేపు చేసినట్టే ఇత్తడి మూత తీసి, దాన్నే తిరగేసి లోపలి పిన్ను విప్పాను. నీళ్ళు నా మొహానికి కొట్టాయి. డబ్బా పెట్టాను. ఒకటి నిండింది, రెండు, మూడు. నాలుగోది నిండే వేళకు ధార సన్నబడింది. పిన్ను బిగించి మూత పెట్టాను. నా చీరంతా తడిసిపోయింది, ఆ ఎండలో హాయిగా కూడా అనిపించింది.

నీళ్ళు రబ్బరు కంపు కొట్టాయి. ఉచ్చీరమ్మ ముక్కు చిట్లించింది.

"ఈ నీళ్ళు యాడివే?" అంది.

"నీకెందుకు, పని సూడు," అన్నాను.

ఆ నీళ్ళతోనే మద్దమ్మ ఒళ్ళంతా తడిపాం. గొంతులో పోశాం. పొద్దు వాలే వేళకు ఆడపిల్ల పుట్టింది, ఏడవడానికి కాసేపు పట్టింది గాని ఏడిచింది. తల్లీ బిడ్డా బతికారు. మిగిలిన నీళ్ళు ఇంటింటికీ ఇంత పోశాను. ఆ రోజు మా పేటలో అందరూ కడుపునిండా నీళ్ళు తాగారు.

యేసేపు వచ్చేసరికి ఎడమ టైరు కొంచెం అణిగి ఉంది. అతను దాన్ని తన్ని చూసి, పిన్ను దగ్గర గాలి పోయినట్టుందని గొణుక్కొని, చేతిపంపు తీసి కొట్టసాగాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. చెబుదామని నోటిదాకా వచ్చింది. మొన్ననే పదిమందిలో ఆ నీళ్ళ గురించి అంత గొడవ చేశాను, ఇప్పుడు నేనే తీశానంటే కసికొద్దీ చేశాననుకుంటాడేమోనని బెదిరాను. ఇంతలో టైరు గుండ్రంగా లేచింది. కుడిదానికీ దానికీ తేడా లేదు. సరిపోయిందిలే, ఇంక చెప్పేదేముందని లోపలికి పోయి జొన్నరొట్టె తట్టుకున్నాను. గుండ్రంగా ఉంటే సరిపోయినట్టేననుకున్నాను. నాకు తెలిసిన చక్రం ఎద్దులబండి చక్రం, దాని లోపల ఏముంటుంది?

శుక్రవారం చేను చుట్టూ జనం. ఎమ్మిగనూరు నించి, నందవరం నించి కూడా వచ్చారు. సావుకారు గొడుగు పట్టించుకొని గట్టు మీద నిలబడ్డాడు. మద్దమ్మ బిడ్డ సంగతి చెప్పినప్పుడు యేసేపు సంతోషపడి, మంచి శకునమన్నాడు. ఉతికిన మిలిటరీ చొక్కా వేసుకున్నాడు.

రెండు బళ్ళూ ఒక్కసారే కదిలాయి. మొదటి సాలు ఎర్రబండిదే. రెండోదీ అంతే. మా పేట ఆడవాళ్ళం గట్టు మీద నిలబడి చీర కొంగులు ఊపాం. మూడో సాలులో కుంద దట్టంగా ఉన్న చోటికి వచ్చేసరికి ఎర్రబండి ఎడమ చక్రం ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టింది. దుమ్ము లేచింది. యేసేపు వెనక్కి తిరిగి చూశాడు. ఎడమ బ్రేకు కొంచెం తొక్కితే చక్రం పట్టుకుంది గాని ఇంజను ఆయాసపడింది. మళ్ళీ కదిలాడు, మళ్ళీ తిరిగింది. దున్నేటప్పుడు కుడి చక్రం సాలులో దిగి నడుస్తుందట, బండి అటే ఒరుగుతుందట, గట్టినేల మీద నడిచే ఎడమదానికే బరువు ఎక్కువ కావాలట, అదొక్కటే జారితే ఇంజను బలమంతా దానికే పోయి రెండోది నిలబడిపోతుందట. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. అప్పుడు మాత్రం ఆ తిరిగే చక్రాన్నే చూస్తున్నాను. అణిగిన టైరు గుర్తొచ్చింది.

అప్పుడైనా గట్టు దిగి ఉరికి చెప్పి ఉండవచ్చు. కొంగు పట్టుకొని అక్కడే నిలబడ్డాను. నీలంబండి కూడా అక్కడక్కడ జారింది గాని రెండు చక్రాలూ కలిసి జారి, కలిసి పట్టుకొని, దాని ఇరవై ఏడు గుర్రాలతో ఈడ్చుకుంటూ పోయింది. నరసన్న పదో సాలు ముగించినప్పుడు యేసేపు ఏడో సాలు మధ్యలో ఉన్నాడు. ఇంజను ఆగిపోయింది. జనం ఈలలు వేశారు. ఎవడో, పద్దెనిమిది గుర్రాలకూ గడ్డి పెట్టలేదేమో అన్నాడు. ఇంకో రోజైతే వాడికి నా నోటి దెబ్బ తగిలేది.

సావుకారు నీలంబండికి కొబ్బరికాయ కొట్టించాడు. బండిని లారీ ఎక్కించాలి, టైర్లలో నీళ్ళు తీసెయ్యమని ఎర్రబండి ఏజెంటు యేసేపుకు చెప్పి, మొహం తిప్పుకొని పోయాడు. యేసేపు సావుకారు తోటలో బండి నిలిపి నీళ్ళు తీశాడు. నేను దూరం నించి చూశాను. కుడి చక్రం కింద ఏడు డబ్బాలు వరసగా నిండాయి. ఎడమ చక్రం కింద మూడు నిండాయి. నాలుగో డబ్బా పట్టుకొని చాలాసేపు గొంతుకూర్చున్నాడు. తరవాత ఆ ఖాళీ డబ్బాను పక్కన పెట్టేశాడు.

ఇంటికి వచ్చాడు. రొట్టె తిన్నాడు. మద్దమ్మ గుడిసెకు పోయి బిడ్డను చూసి వచ్చాడు. నేను తిట్లకోసం కాచుకొని కూర్చున్నాను, ఒక్కటీ రాలేదు.

మరుసటి పొద్దున సావుకారు కబురు పెట్టాడు. నీలంబండి కూడా జారడం అతను చూశాడు, తెలివైనవాడు. దాని టైర్లలోనూ నీళ్ళు పోయాలట, ఆ పని తెలిసినవాడు యేసేపు ఒక్కడేనట. నువ్వు పోవద్దు అన్నాను. పోకుంటే ఆ బండి కుందలో కష్టపడుతుంది గదా అన్నాడు, అదేదో సొంత ఎద్దయినట్టు. డబ్బాలు మోయడానికి మమ్మల్నీ పిలిచారు. కూలి వస్తుందని పోయాను. పోకపోతే ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేను కూడా.

యేసేపు చక్రం పక్కన కూర్చొని నరసన్నకు అన్నీ చూపించాడు. మూతి ఎక్కడుండాలి, గొట్టం ఎంత లోపలికి పోవాలి, నీళ్ళు ఎంతదాకా, గాలి ఎంత. నేను డబ్బా తెచ్చి పోసినప్పుడల్లా పైకి చూడకుండా లెక్క చెప్పేవాడు. ఎడమవైపు అయ్యాక కుడివైపు మొదలుపెట్టాడు. నరసన్న మంచివాడే, కళ్ళు దించుకొని విన్నాడు.

"రెండు పక్కలా ఒకటే ఉండల్లన్నా," అన్నాడు యేసేపు అతనితో. "తక్కువైనా పరవాలేదు. తేడా ఉండగూడదు."

నేను వంచిన డబ్బా నీళ్ళు గరాటు దాటి నేల మీద ఒలికాయి. శేషప్ప కసిరాడు. నేను మళ్ళీ పోయి నింపించుకొని తెచ్చాను.

తిరిగి పేటకు వస్తుంటే దారిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. ఇంక ఆపుకోలేకపోయాను. ఆ నాలుగు డబ్బాలు నేనే తీశాను, మద్దమ్మ చచ్చిపోతుందని తీశాను అని చెప్పి, కొట్టమని అతని ముందు నిలబడ్డాను. సావుకారు దగ్గరికి పోయి ఒప్పుకుంటాను, మళ్ళీ పందెం పెట్టమని కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. ఎర్రబండి పొద్దున్నే లారీలో వెళ్ళిపోయిందని, తన బండి చక్రం తను చూసుకోనివాడికి ఎవరు బండి ఇస్తారని అన్నాడు. నీళ్ళ సంగతి తనకు నిన్ననే అర్థమైందట. నిన్న మద్దమ్మ గుడిసెలో బిడ్డ ఒంటికి రబ్బరు వాసన వచ్చిందట.

"మరి నన్నెందుకు అడగలేదు?" అన్నాను.

యేసేపు దారి మధ్యలో ఆగాడు.

"నువ్వు సెప్పలేదు గదా సువార్తా. గురువారం సాయంత్రం ఒక్క మాట సెప్పింటే, కుడి పక్క గూడా నాలుగు తీసేసి రెండూ ఒకటే సేసేటోణ్ణి. కొంచెం జారినా బండి నిలవకుండా పోతాండె. ఆ నాలుగు డబ్బాల నీళ్ళు గూడా మద్దమ్మకే ఇస్తుంటిమి."

నేను దారిలోనే కూలబడి ఏడ్చాను. అతను నా ఖాళీ డబ్బా కూడా తీసుకొని ముందు నడిచాడు. సోమవారం ఇద్దరం కాలువ పనికి పోయాం.